నవ్వొస్తోంది, పప్పు దించండి

ఈమధ్య మా వైపు జీడిపప్పు షెడ్డుల్లో సూపర్‌వైజర్లుగా చేరుతున్న అమ్మాయిలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. రిటైరైన మనిషి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉంటుందని వాళ్ళ నమ్మకం. నిజమే, ఖాళీగానే ఉంటాను. వాళ్ళు కాఫీ తాగి, నా మోకాళ్ళ నొప్పుల గురించి మర్యాదగా విని, చివరికి అసలు సంగతికి వస్తారు. "మేడం, లేబర్‌ని మీరెలా కంట్రోల్ చేసేవాళ్ళు?" అంటారు. ఈ కంట్రోల్ అన్న మాట వాళ్ళకు ట్రైనింగులో నేర్పుతారట. ఫ్యాన్‌కి ఉండే రెగ్యులేటర్ లాంటిది మనుషులకూ ఎక్కడో ఉంటుందని, అనుభవం ఉన్నవాళ్ళకు ఆ చోటు తెలుస్తుందని వాళ్ళ ఉద్దేశం.

అమ్మాయిలూ, నేను ఎవరినీ కంట్రోల్ చెయ్యలేదు. కొన్నాళ్ళు ఒక పుస్తకం మా షెడ్డును నడిపింది. ఆ పుస్తకంలో ఒక మేనమామ ఉన్నాడు. పనికిమాలినవాడు. వాడి గురించి చెప్పాలంటే ముందు గుండు, బద్ద గురించి చెప్పాలి.

మా షెడ్డు వేటపాలెం దగ్గర. నేను సూపర్‌వైజరుగా చేసింది పొట్టు గదిలో. ఉడికించి, పగలగొట్టి, ఆరబెట్టిన జీడిపప్పు ఎర్రటి పొరతో మా దగ్గరికి వస్తుంది. ఆడవాళ్ళు వరుసలుగా కూర్చుని ఆ పొట్టును వేళ్ళతో, చిన్న కత్తితో తీస్తారు. పప్పు చెక్కుచెదరకుండా వస్తే దాన్ని గుండు అంటారు. రెండుగా విడిపోతే బద్ద. తిన్నవాడికి రెండూ ఒకటే, అమ్మినవాడికి కాదు. గుండు విమానమెక్కి పరాయి దేశం పోతుంది, బద్ద పక్కవీధి స్వీటు షాపుకు పోతుంది. నా ఉద్యోగ జీవితమంతా గుండ్లు ఎన్ని, బద్దలు ఎన్ని అన్న ఒక్క ప్రశ్నతోనే గడిచిపోయింది.

ఫోన్లు వచ్చాక మా కష్టాలు పెరిగాయి. ప్రతి వరుసకీ ఒక ఫోను, దాన్ని గోడకు ఆనించి సీరియలు. ఒకనాడు సీరియల్లో అత్త కోడల్ని చెంపదెబ్బ కొట్టింది. ఆ దెబ్బకు మా షెడ్డులో ఒక వరుస వరుసంతా బద్దలైంది. ఓనరు గారు స్వయంగా వచ్చి ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టించారు. మా ఓనరు గారు చెడ్డ మనిషి కాదు. తండ్రి కాలం నుంచి వచ్చిన వ్యాపారం, పప్పును చూస్తే పసిపిల్లను చూసినట్టు చూస్తారు. బద్ద కనిపిస్తే మాత్రం ఆయన మొహం చూడలేం.

ఫోన్లు పోయాక షెడ్డు నిశ్శబ్దంగా మారుతుందని ఆయన అనుకున్నారు. ఆడవాళ్ళు పనిచేసే చోట ఎప్పుడూ కూర్చోని మనిషి కాబట్టి అలా అనుకున్నారు. ఖాళీగా ఉన్న నోళ్ళు రెండే పనులు చేశాయి. పోట్లాడాయి, పప్పు తిన్నాయి. కొన్నిసార్లు రెండూ కలిపి చేశాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఇంకో తలనొప్పి ఉండేది. దాని పేరు వాక్యం అక్క. అసలు పేరు వేరే ఉంది, కానీ వాళ్ళ చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమే కనుక అందరూ అలాగే పిలిచేవాళ్ళు. ఆమె చాలా ఏళ్ళు గింజలు కొట్టే దగ్గర పనిచేసింది. జీడిగింజ పెంకులో ఒక నూనె ఉంటుంది, అది చర్మాన్ని తినేస్తుంది. అందరూ చేతులకు ఏదో ఒకటి పట్టించుకుని నెట్టుకొస్తారు. ఈమె ఒంటికి అది అసలు పడలేదు. వేళ్ళ చివర్లు గట్టిపడి స్పర్శ పోయింది. పాపమని నేను పొట్టు గదికి మార్పించాను. కానీ స్పర్శ లేని వేలికి పప్పు ఎక్కడ విరుగుతుందో ఎలా తెలుస్తుంది? ఆమె పళ్ళెంలో బద్దలే బద్దలు. పప్పు లెక్కలు రాసే గుమాస్తా ఆ పళ్ళేన్ని ఊరేగింపు విగ్రహంలా ఓనరు గారి దగ్గరికి మోసుకెళ్ళాడు. ఆమెను మానిపించమని కబురు వచ్చింది.

ఆమెకు భర్త లేడు. కూతురు గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి నర్సింగు కోచింగు తీసుకుంటోంది. ఈ పని పోతే ఆ చేతులతో ఇంకెక్కడా పని దొరకదు, పిల్ల పెట్టె సర్దుకుని ఇంటికి రావాల్సిందే. వాక్యం అక్క ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అడిగితే లేదని చెప్పెయ్యవచ్చు. అడగని మనిషికి ఏం చెబుతాం?

అందుకని నేనే ఓనరు గారి దగ్గరికి వెళ్ళాను. నోళ్ళు మూయించాలంటే చెవులకు పని చెప్పాలని, వాక్యం అక్క గొంతు షెడ్డు చివరిదాకా వినిపిస్తుందని, ఆమె చేత ఒక పుస్తకం చదివిద్దామని చెప్పాను.  జీడిపప్పు వ్యాపారంలో పుస్తకం అన్న మాట ఆయన ఎప్పుడూ విని ఉండరు.

"సరే, చూద్దాం. బద్దలు పెరిగాయంటే మాత్రం పుస్తకమూ పోద్ది, మనిషీ పోద్ది. తర్వాత నా దగ్గరికి రావద్దు," అన్నారు.

పుస్తకం మా నాన్న ట్రంకుపెట్టెలోది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పేరు తెలియదు, రాసినాయన ఎవరో తెలియదు. మా ఇంటికి వచ్చిన పెద్దలందరూ దాన్ని తిరగేసి, ఆహా, ఇలాంటి ప్రయాణ నవల మళ్ళీ రాలేదు అనేవాళ్ళు. నేనూ చిన్నప్పుడు సగందాకా చదివి కడుపు నొప్పి పుట్టేలా నవ్వాను. దాన్ని పొగిడినవాళ్ళంతా సగందాకానే చదివారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కథ చెప్పడానికి తేలిక. ఒక ఊళ్ళో పెళ్ళి. పెళ్ళికూతురి మేనమామ పట్నంలో కంసాలి దగ్గర పుట్టింటి పుస్తె చేయించి, సంచిలో పెట్టుకుని, కాలవ మీద పడవలో బయలుదేరతాడు. ముహూర్తానికి చేరాలి. అంతే కథ. కానీ ఆ మహానుభావుడు ఏది కనిపిస్తే దాని మీద ప్రసంగం మొదలుపెడతాడు. పడవ కట్టు విప్పేలోపు గొడుగుల గురించి ఒక ప్రకరణం. తాను గొడుగు మరిచిపోయాడు కాబట్టి మతిమరుపు గురించి ఇంకొకటి. ఏది చెప్పబోయి అది మరిచిపోయాడు కాబట్టి మళ్ళీ గొడుగు. వాడికి పిల్లనిచ్చిన మామగారి గురక వస్తుంది, దోమలు వస్తాయి, వంకాయకు ముచ్చిక ఎందుకు ఉందన్న విచారం వస్తుంది. పడవ మాత్రం రాదు.

చదువుకున్నవాళ్ళు ఇలాంటి పుస్తకాన్ని చదివి ఏమంటారో నాకు తెలుసు. శైలి బాగుంది అంటారు. మా షెడ్డులో శైలి గురించి ఎవరూ మాట్లాడలేదు. పెళ్ళింట్లో పిల్ల పీటల మీద కూర్చోబోతుంటే వీడికి వంకాయలెందుకని అడిగారు. మొదటి రోజు సాయంత్రానికే షెడ్డంతా పెళ్ళికూతురి తరఫు అయిపోయింది. పుస్తకంలో ఆ పిల్ల ఒక్కసారి కూడా కనిపించదు, పేరు కూడా లేదు. అయినా ఆమె ఏ రంగు చీర కట్టుకుని ఉంటుందో, పొద్దుటినుంచి ఏమైనా తిన్నదో లేదో వీళ్ళు తేల్చేశారు.

అందరికన్నా గట్టిగా తేల్చింది పెద్దత్త. షెడ్డులో అందరికన్నా పెద్దది, ఎవరికీ అత్త కాదు, అందరి మీదా అత్తరికం చేసేది. ఆమెకు ఎదురు నిలబడింది వినుకొండ నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల. మిరప చేలల్లో పెరిగిన పిల్ల, మాట కూడా అలాగే ఉండేది. పుస్తెలు రెండుంటాయి కదా, అత్తింటిదొకటి, పుట్టింటిదొకటి. మేనమామ రాకపోతే అత్తింటి పుస్తె కట్టించేసి పెళ్ళి కానిచ్చెయ్యచ్చుగా అని ఈ పిల్ల వాదన. పుట్టింటి పుస్తె లేకుండా పిల్లను పంపితే రేపు అత్తారింట్లో ఆ పిల్ల తలెత్తుకుని ఎలా తిరుగుతుందని పెద్దత్త వాదన. ఆ రోజు నుంచి షెడ్డు రెండు పక్షాలైంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా ఒక పక్షం వాళ్ళు రెండో పక్షానికి గోంగూర పెట్టలేదు. చర్చి ఆడవాళ్ళు మాత్రం కాసేపు తటస్థంగా ఉన్నారు. తాళి తమకూ ఉంది కానీ ముహూర్తం బాధ లేదని, పాస్టరు గారు ఒక గంట ఆలస్యమైనా ఆగుతారని, ఆ మేనమామ తమవాడైతే ఈపాటికి పెళ్ళి అయిపోయేదని అన్నారు.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. పుస్తకం పాతకాలం తెలుగు. వచ్చెను, పోయెను, చెప్పెదను అని ఉంటుంది. నాకే అక్కడక్కడా అర్థమయ్యేది కాదు. చర్చి ఆడవాళ్ళకు మాత్రం ఆ భాష మంచినీళ్ళు తాగినంత తేలిక. ప్రతి ఆదివారం వినే తెలుగు అదే కదా. వాళ్ళు అర్థం చేసుకుని మిగతావాళ్ళకు చెప్పేవాళ్ళు. వాక్యం అక్క చదివే తీరు కూడా చర్చిలో చదివినట్టే ఉండేది. మామగారి గురకను కూడా ఆమె అంతే గంభీరంగా చదివింది.

ఆ గాంభీర్యమే కొంప ముంచింది. అలాంటి గొంతులో గురక వింటే నవ్వు ఆగుతుందా? షెడ్డు షెడ్డంతా ఊగిపోయింది. నవ్వు నోటితో ఆగదని, వేళ్ళ దాకా పోతుందని నాకు ఆ రోజే తెలిసింది. అన్నాల వేళకు బద్దల బుట్ట నిండిపోయింది. గుమాస్తా వచ్చి ఆ బుట్టలోకి తొంగి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అతను మాట్లాడకుండా వెళ్ళాడంటే నేరుగా ఓనరు గారి దగ్గరికే వెళ్ళాడని అర్థం.

నవ్వకండని చెప్పాను. ఆపుకున్న నవ్వు మామూలు నవ్వుకన్నా ఎక్కువ పప్పు విరగ్గొట్టింది. నవ్వు లేని ప్రకరణాలు ఏరి చదవమన్నాను. అలాంటివి లేవంది వాక్యం అక్క. పుస్తకం మార్చేద్దామంటే పెద్దత్త నా మీదికి లేచింది. పిల్లను పీటల మీద వదిలేసి ఎలా మారుస్తారని అడిగింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. దారి చూపించింది వాక్యం అక్కే.

మర్నాడు చదువుతూ చదువుతూ ఆమె ఒకచోట ఆగింది. కళ్ళద్దాల పైనుంచి వరుసలన్నీ చూసి, "నవ్వొస్తోంది, పప్పు దించండి," అంది.

ఆమె ముందురోజు సాయంత్రమే ఇంటి దగ్గర ప్రకరణం చదువుకుని వస్తుంది కనుక నవ్వు ఎక్కడుందో ఆమెకు తెలుసు. అందరూ చేతిలో ఉన్న పప్పు పళ్ళెంలో పెట్టారు. ఆమె ఆ వాక్యం చదివింది. అందరూ హాయిగా, చేతులు ఊపుకుంటూ, పక్కవాళ్ళ వీపుల మీద చరుస్తూ నవ్వారు. "ఇక ఎత్తండి," అంది. ఎత్తారు. ఆ సాయంత్రం బుట్టలో బద్దలు అడుగున కనిపించాయంతే.

అప్పటినుంచి అదే పద్ధతి. కొన్నాళ్ళకు ఆ మాట షెడ్డు దాటిపోయింది. ఇంట్లో మొగుడు పాత జోకు మొదలుపెడితే పెళ్ళాలు చేతిలో గరిటె పక్కన పెట్టి, దించాము, ఇక చెప్పు అనేవాళ్ళట. అప్పుడప్పుడు పొరపాట్లూ జరిగేవి. వాక్యం అక్క దించమన్నచోట ఎవరికీ నవ్వు రాకపోతే, ఊరికే దించాము కదా అక్కా అని సణిగేవాళ్ళు. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు వినుకొండ పిల్ల మాత్రం, ఇక్కడ నవ్వేమీ లేదా అని ఆశగా అడిగేది.

బద్దల గొడవ తీరిందనుకుని నేను ఊపిరి పీల్చుకునేలోపే రెండోది వచ్చింది. ప్రకరణం అయిపోగానే వాక్యం అక్క అలవాటు ప్రకారం గొంతు తగ్గించి పుస్తకం మూసేది. చర్చి ఆడవాళ్ళు అలవాటు ప్రకారం ఆమెన్ అనేవాళ్ళు. నాలుగు రోజులకు మిగతావాళ్ళూ అనడం మొదలుపెట్టారు. అందరికన్నా గట్టిగా అన్నది పెద్దత్త. ఆమె శనివారం శనివారం గుడికి వెళ్ళకుండా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. ఇదేమిటి పెద్దత్తా అని అడిగితే, పుస్తకం మూస్తే అనాలంటగా, అనకపోతే బాగుండదు అంది.

ఇప్పుడు గోడ అవతల ఉన్న గుమాస్తా సంగతి ఆలోచించండి. అతనికి కథ వినిపించదు, గొంతు వినిపిస్తుంది. అంతట అతడు లేచి పడవనెక్కెను, జనులు అతనిని చూచి విస్మయమొందిరి అని గంభీరంగా ఒక గొంతు. తర్వాత షెడ్డంతా కలిసి ఆమెన్. అతను పరుగెత్తుకుంటూ వెళ్ళి పనివేళల్లో ప్రార్థనలు జరుగుతున్నాయని చెప్పాడు. ఓనరు గారు నన్ను పిలిపించారు.

"దేవుడికి నేనెందుకు అడ్డమమ్మా? ఏ దేవుడైనా నాకు సరే. ఆదివారం చేసుకోమను, నేనే టెంటు వేయిస్తా. నా పప్పు మీద ప్రార్థనలేంది?" అన్నారు.

అది పెళ్ళి కథ అని చెప్పాను. పెళ్ళి కథలో ఆమెన్ ఎందుకన్నారు. అలవాటులో పొరపాటండీ అన్నాను. గుమాస్తా నా వెనక నిలబడి దగ్గాడు. ఆ దగ్గుకు నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ ఎవరైనా అలా దగ్గితే మండుతుంది. ఓనరు గారు శనివారం తానే వచ్చి కూర్చుని వింటానన్నారు. కథైతే కథ, నడవనిస్తారు. తనను వెర్రివాణ్ణి చేశామని తేలితే మాత్రం చదువూ బంద్, చదివే మనిషీ ఇంటికి.

కథ కథే కాబట్టి నాకు భయం లేదు. శుక్రవారం సాయంత్రం వాక్యం అక్క మా ఇంటికి వచ్చేదాకా లేదు.

ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని వచ్చింది.  రేపటితో పుస్తకం అయిపోతుందని, చివరిదాకా చదివానని, పెళ్ళి లేదని చెప్పింది. నాకు ముందు అర్థం కాలేదు. పెళ్ళి లేదంటే ఆగిపోయిందా అని అడిగాను. ఆగిపోలేదు, జరగలేదు, అసలు ఆ ఊరే రాదు, పడవ ఇసుకలో దిగబడితే మేనమామ అందులోనే కూర్చుని మాట్లాడుతుండగా పుస్తకం అయిపోయింది అంది. నేను లాక్కుని చూశాను. నిజమే. పేజీ కూడా చిరగలేదు. అడుగున సమాప్తము అని అచ్చు వేసి ఉంది.

నాకు షెడ్డు కళ్ళముందు కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ పెళ్ళి కోసం కాచుకుని కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళ ఎదురుగా, ఓనరు గారి ముందు, పెళ్ళి లేదని చెబితే ఏమవుతుంది? గుమాస్తా అప్పుడే నవ్వు మొదలుపెడతాడు. కథే కాదిది, చూశారా, మొదలూ తుదీ లేదు అంటాడు. ఓనరు గారు అదే నమ్ముతారు.

"నువ్వే ఒక పెళ్ళి చేసి పారెయ్ అక్కా. నాలుగు మాటలు కలిపి, తాళి కట్టించి, అక్షింతలు వేయించి మూసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "చదివేటప్పుడు సొంత మాట కలపకూడదమ్మా. రేపు ఇక్కడ ఒకటి కలిపానంటే, ఎల్లుండి చర్చిలో నేను చదివింది మాత్రం ఎవరు నమ్మాలి?"

"నీ పిల్ల సంగతి ఆలోచించుకో," అన్నాను. కోపంలోనే అన్నాను.

"ఆలోచించుకునే చెబుతున్నా. దానికి కూడా నేను ఉన్నది ఉన్నట్టు చదవమనే నేర్పాను," అని లేచి వెళ్ళిపోయింది.

నాకు ఆమె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పస్తులున్నా సరే పేజీలో లేని మాట పలకనంటే ఏం చేస్తాం? ఆ సాయంత్రం వంట కూడా చెయ్యాలనిపించలేదు. ఆ మేనమామను కూడా కాసేపు తిట్టుకున్నాను.

శనివారం ఓనరు గారు తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. వెనక కుర్చీ మోసుకుంటూ గుమాస్తా. షెడ్డులో అందరూ ఇన్‌స్పెక్షను రోజు స్కూలు పిల్లల్లా నిటారుగా కూర్చున్నారు. వట్టి చేతులతో కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఒక పళ్ళెం దగ్గరికి లాక్కుని, అందులో పెద్ద పెద్ద గుండ్లను ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తూ, కానివ్వమన్నట్టు తల ఊపారు.

వాక్యం అక్క చదవడం మొదలుపెట్టింది. పడవ ఇసుకలో దిగబడుతుంది. పడవ నడిపే సరంగు వచ్చి, అందరూ దిగితే పడవ తేలుతుందంటాడు. అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగుతారు, మేనమామ తప్ప. అక్కడికి వచ్చేసరికి ఆమె ఆగి, కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"నవ్వొస్తోంది, పప్పు దించండి."

షెడ్డంతా ఒక్కసారిగా చేతులు దించింది. ఓనరు గారు ఏమిటిది అన్నట్టు నా వైపు చూశారు. ఆయన చేతిలో గుండు అలాగే ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆమె చదివేసింది. మేనమామ సరంగుతో అంటాడు. నేను దిగినచో పడవ పోవును. పడవ పోయినచో నేనిక్కడ ఉండిపోవుదును. నేను పోవలెనన్నచో పడవ ఉండవలెను, పడవ పోవలెనన్నచో నేనుండవలెను. కావున ఓయీ, మేమిద్దరమూ ఉందుము, నీవు పొమ్ము.

ముందు నవ్వింది ఓనరు గారే. ఆయన నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, అది చెయ్యి దాకా వచ్చింది. టప్‌మని చిన్న చప్పుడు. ఆయన అరచేతిలో ఆ షెడ్డులోకెల్లా పెద్ద గుండు రెండు బద్దలై పడి ఉంది.

 ఆయన ఆ రెండు ముక్కలవైపే చూస్తూ ఉండిపోయారు.

"దించమంది కదండీ," అంది పెద్దత్త, నెమ్మదిగా, తప్పు చేసిన పిల్లాడితో అన్నట్టు.

 ఆయన ఆ బద్దలను బుట్టలో పడెయ్యలేదు. జేబులో వేసుకున్నారు. పళ్ళెం పక్కకు జరిపి, కుర్చీ ముందుకు లాక్కుని, చేతులు కట్టుకుని వినడం మొదలుపెట్టారు. నాకు అప్పుడు సంతోషం కలగలేదు, భయం ఇంకా పెరిగింది. ఎంత బాగా వింటే చివర అంత కోపం వస్తుంది కదా.

చివరి భాగం రానే వచ్చింది. పడవలో మేనమామ ఒక్కడే. చీకటి పడుతోంది. దూరాన ఎక్కడో సన్నాయి వినిపిస్తుంది. వినుకొండ పిల్ల రెండు చేతులూ గుండెమీద పెట్టుకుంది. మేనమామ లేచి నిలబడి, సంచి భుజాన వేసుకుని, చెవి ఒగ్గి విని, ఇలా అంటాడు. సన్నాయి వినబడుచున్నది గనుక, ముందుగా సన్నాయి యొక్క పుట్టుపూర్వోత్తరములు చెప్పెదను.

వాక్యం అక్క గొంతు తగ్గించి పుస్తకం మూసింది. ఎవరూ ఆమెన్ అనలేదు. అయిపోయిందని ఎవరికీ తట్టలేదు.

"తర్వాత?" అన్నారు ఓనరు గారు.

"అంతేనండి," అంది ఆమె.

"అంతేనంటే ఎట్టాగమ్మా? పుస్తె వాడి సంచిలోనే ఉంది గదా."

ఆమె లేచి వెళ్ళి పుస్తకం ఆయన చేతికిచ్చింది. ఆయన చివరి పేజీ చూశారు, వెనక్కి తిప్పి చూశారు, వెలుతురుకు పట్టి కూడా చూశారు. ఈలోపు షెడ్డులో గోల మొదలైంది. ఆ పిల్ల పీటల మీదే ఉండిపోయిందా అని వినుకొండ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ పప్పు దించినందుకు ఇదా ఫలితమని ఒకరు, రాసినవాడు ఉంటే వాడికి పొట్టు తీసేవాళ్ళమని ఇంకొకరు. నేను అనుకున్నట్టే గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. చూశారా అండీ, ఇది ఏ కథా కాదు అని మొదలుపెట్టాడు. ఓనరు గారు వినిపించుకోలేదు. ఆయన మనసు అక్కడ లేదు.

"అత్తింటి పుస్తెతో కానిచ్చేసి ఉంటారులే," అన్నారు ఆడవాళ్ళ వైపు తిరిగి, ఓదార్పుగా. "ముహూర్తం దాటనిస్తారా ఎవరైనా?"

నేను చెప్పలేదా అని వినుకొండ పిల్ల లేచి నిలబడింది. పెద్దత్తకు ఓనరు గారైనా ఒకటే, వినుకొండ పిల్లయినా ఒకటే.

"మీరెట్టా చెబుతారండీ? ఆ పుట్టింటోళ్ళ పంతం ఎట్టాంటిదో మొదట్లోనే ఉంది. మీరు మొదలు విన్లేదుగా," అంది.

 పెద్దత్త వాక్యం అక్క వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. కానీ ఆమె ఆ మాట ఊరికే అనలేదని నాకు తెలిసిపోయింది. పక్క వరుస వాళ్ళకీ తెలిసిపోయింది. నిజమే, మొదట్లోనే ఉంది అని ఒకరు. అసలు కీలకమంతా గొడుగు దగ్గరే ఉందని ఇంకొకరు. పోట్లాడుకున్న రెండు పక్షాలూ కలిసిపోయి, మొదలు వినకుండా ఎవరూ ఏమీ తేల్చలేరని ఒక్క గొంతుతో అన్నాయి. గొడుగు దగ్గర ఏ కీలకమూ లేదని ఆ షెడ్డులో ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఓనరు గారు గుమాస్తా వైపు తిరిగారు. "నువ్వు గోడ అవతలనుంచి రోజూ విన్నావు గదా. మొదట్లో ఏముంది?"

"నేను ఆమెన్ మాత్రమే విన్నానండీ," అన్నాడతను.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ పుస్తకం విన్నాక నాకూ వరస తప్పి చెప్పడం అలవాటైంది. నేను రిటైరయ్యేనాటికి కూడా వాక్యం అక్క ఆ షెడ్డులో చదువుతూనే ఉంది. మధ్యలో వేరే పుస్తకాలు కూడా వచ్చాయి, కానీ తిరిగి తిరిగి ఆ పడవ దగ్గరికే వెళ్ళేవాళ్ళు. వాళ్ళ అమ్మాయి ఇప్పుడు నర్సు. పెళ్ళి జరిగిందా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. కంట్రోల్ గురించి అడిగిన అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇంతే. మా షెడ్డులో ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టింది నేను కాదు, ఓనరు గారూ కాదు. తమకు నచ్చని ముగింపుతో పుస్తకం చదివి వినిపించిన మనిషిని ఆ షెడ్డు ఆడవాళ్ళే కాపాడుకున్నారు.

ఇక ఆ శనివారం. ఓనరు గారు పుస్తకం వాక్యం అక్కకు తిరిగిచ్చారు. సరుకు ఎక్కడ ఆలస్యమైందో తేల్చమని లారీ డ్రైవరును నిలదీసే గొంతు ఆయనది.

"మొదట్నుంచి చదువమ్మా. వాడెక్కడ ఆలస్యం చేశాడో నేను పట్టుకుంటా," అన్నారు. మళ్ళీ పళ్ళెం దగ్గరికి లాక్కుని ఒక గుండు చేతిలోకి తీసుకున్నారు.

వాక్యం అక్క మొదటి పేజీ తెరిచింది.  ఆ పుస్తకంలో మొదటి వాక్యం మాకందరికీ నోటికి వచ్చు. నేను ఏ పనికైనను వేళకు బయలుదేరు మనిషిని అని మొదలుపెడతాడు మేనమామ. ఆమె అది చదవబోయి ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుని, వాటి పైనుంచి వరుసలన్నీ చూసింది.

"నవ్వొస్తోంది, పప్పు దించండి."

అందరికన్నా ముందు దించింది ఓనరు గారే.